పచ్చి బఠాణీ ఎప్పుడు విత్తాలి, కాయ ఏ రోజు కోయాలి?

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇదీ: పెరట్లో వలుచుకునే బఠాణీ వేశారు. తీగలు ఏపుగా పెరిగాయి, పూత వచ్చింది, కాయలూ పడ్డాయి. తీరా వలిచి చూస్తే కొన్ని కాయల్లో చిన్న చిన్న పిందె గింజలు, మరికొన్నింటిలో గట్టిగా పిండిపిండిగా ఉన్న గింజలు. రెండిట్లోనూ తీపి లేదు. కాయలు దిగడం మొదలైన కొన్నాళ్ళకే కింది ఆకులు పసుపెక్కి తీగ ఎండిపోతోంది. కోతకు సరైన సమయం ఎలా తెలుస్తుంది, వచ్చేసారి ఏం మార్చాలి అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. కాయ గుండ్రంగా నిండి, తొక్క మీద మెరుపు ఇంకా పోకముందే కోయాలి. పువ్వు విచ్చిన దగ్గర్నుంచి దాదాపు మూడు వారాలకు ఆ దశ వస్తుంది. చల్లగా ఉంటే కాస్త ఆలస్యం, వెచ్చగా ఉంటే కాస్త ముందు. వెచ్చటి రోజుల్లో ఆ దశ ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. ఇక విత్తడం సంగతి: పూత, కాయ చల్లటి రోజుల్లో పడేలా వెనక్కి లెక్కపెట్టుకుని విత్తాలి. మీ తీగ ఎండిపోవడానికి తెగులు కంటే వేడే కారణం అయ్యుండే అవకాశం ఎక్కువ. నేల, నీళ్ళు, పందిరి అన్నీ అవసరమే. కానీ విత్తే తేదీ, కోసే రోజు ఈ రెండూ తప్పితే మిగతావి ఎంత బాగా చేసినా గింజకు ఆ తీపి రాదు. అందుకే సమాధానంలో ఎక్కువ భాగం ఈ రెండింటి గురించే రాస్తున్నాను.

కోతతో మొదలుపెడదాం, మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది అదే కాబట్టి.

లేత గింజలో నీరు, చక్కెర ఎక్కువ. ఆకుల్లో తయారైన చక్కెర గింజలోకి వస్తూ ఉంటుంది. గింజ దాన్ని పిండిపదార్థంగా మార్చి దాచుకుంటుంది, రేపు నేలలో పడి మొలకెత్తేటప్పుడు దానికి అదే తిండి. మనకు కావలసింది చక్కెర, గింజకు కావలసింది పిండి. కాయను తీగ మీద ఎంతకాలం ఉంచితే అంతగా గింజ తన పని తాను చేసుకుపోతుంది. వేడి పెరిగితే ఆ మార్పు ఇంకా జోరుగా సాగుతుంది. ఉదయం బాగుందనుకున్న కాయ మర్నాడు సాయంత్రానికి ముదిరిపోవడం వెచ్చటి రోజుల్లో మామూలే.

మరి మీకు పిందె గింజలు ఎందుకు దొరికాయి? బఠాణీ కాయ పెరిగే వరుస ఇలా ఉంటుంది. మొదట కాయ పొడవు పెరుగుతుంది. పూర్తి పొడవు వచ్చేసినా అప్పటికి లోపల గింజలు ఇంకా చిన్నవే, కాయ పలకలా బల్లపరుపుగా ఉంటుంది. ఆ తర్వాత గింజలు ఊరతాయి, కాయ పక్కలకు ఉబ్బుతుంది. పొడవు చూసి కోసినవాళ్ళకు ఖాళీ కాయలే దక్కుతాయి. కాబట్టి పొడవును అసలు లెక్కలోకి తీసుకోకండి. కాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా నొక్కండి. గింజలు ఒకదాన్నొకటి దాదాపు తాకుతూ, వేలికి గుండ్రంగా తగలాలి, అయినా కాయ కాస్త నొక్కుకుపోవాలి. గింజల మధ్య సందు బాగా తెలుస్తుంటే ఇంకా ఆగాలి. గింజలు ఒత్తుకుపోయి, కాయ రాయిలా బిగుసుకుని ఉంటే దాటిపోయినట్టే.

రంగు కూడా చెప్తుంది. కోతకు వచ్చిన కాయ నిగనిగలాడే పచ్చరంగులో ఉంటుంది. దాటిపోతున్న కాయ మీద ఆ మెరుపు పోయి, మైనం పూసినట్టు పాలిపోతుంది, తొక్క మీద వల అల్లినట్టు ఈనెలు కనబడతాయి. తర్వాత పసుపు ఛాయ. ఈనెల వల కనబడిన కాయలను లేత కాయలతో కలపకండి. వాటిని విడిగా తీసి ఎక్కువసేపు ఉడికే వంటలకు వాడుకోవాలి, లేదా ఎండబెట్టుకోవాలి.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష నోరే. పూత మొదలైన రెండు వారాల తర్వాత నుంచి రోజూ తోటలోకి వెళ్ళి, అట్టడుగు కణుపు దగ్గరి కాయ ఒకటి తెంపి, వలిచి, పచ్చిగా నమలండి. నేను ఏ కొత్త రకం వేసినా మొదటి వారం అలాగే చేస్తాను. ఎందుకంటే ప్రతి రకానికీ నిండిన కాయ రూపం వేరు. కొన్ని రకాల కాయలు సన్నగానే ఉండి లోపల నిండుతాయి, కొన్ని వెడల్పుగా ఉబ్బి ఉన్నా లోపల ఇంకా గాలే ఉంటుంది. నాలుగు కాయలు తిని చూస్తే ఆ రకం సంగతి వేలికి తెలిసిపోతుంది, ఆ తర్వాత తెంపి చూడాల్సిన పని ఉండదు. గింజ లేతగా ఉందా, ముదిరిందా అన్న అనుమానం తీరకపోతే ఇంకో పరీక్ష ఉంది. వలిచిన గింజలను చిక్కటి ఉప్పునీళ్ళలో వేయండి. పిండిపదార్థం ఎక్కువైన ముదురు గింజలు బరువెక్కి మునుగుతాయి, లేతవి తేలుతాయి. బఠాణీని డబ్బాల్లో నిల్వచేసేవాళ్ళు గింజల నాణ్యత వేరుచేయడానికి వాడే పద్ధతి కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

ఒక తీగ మీది కాయలన్నీ ఒకేసారి రావు. పూత కింది కణుపు నుంచి పైకి పోతుంది, కాయలూ అదే వరుసలో నిండుతాయి. ఒకే తీగ మీద కింద ముదిరిన కాయ, మధ్యలో కోతకు వచ్చినది, పైన పువ్వు మూడూ ఒకే రోజు కనబడతాయి. మీరు ఒకేరోజు అన్నీ కోసి ఉంటారని నా ఊహ. అందుకే పిందెలూ ముదురూ కలిసి వచ్చాయి. రోజు విడిచి రోజు, కింది నుంచి పైకి, నిండినవి మాత్రమే కోయండి. వెచ్చగా ఉంటే ప్రతిరోజూ. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. కింది కాయలు తీగ మీదే ముదిరి విత్తనం కట్టడం మొదలైతే, తీగ తన బలమంతా వాటికే పెట్టి పై పూతను ఆపేస్తుంది. నిండిన కాయలను వెంటవెంటనే తీసేస్తూ ఉంటే పూత ఇంకొన్నాళ్ళు సాగుతుంది. తొందరగా కాసే పొట్టి రకాల్లో ఎంత చేసినా కోత రెండు మూడు వారాలే ఉంటుంది, పొడుగు రకాల్లో అంతకంటే ఎక్కువ కాలం నడుస్తుంది.

కోయడానికి రెండు చేతులూ వాడండి. ఒక చేత్తో తీగను కణుపు దగ్గర పట్టుకుని, రెండో చేత్తో కాయను తొడిమ దగ్గర తుంచాలి. బఠాణీ కాండం లోపల బోలుగా ఉంటుంది, వేళ్ళు పైపైనే ఉంటాయి. ఒంటిచేత్తో లాగితే కాండం మడతపడుతుంది లేదా వేరు కదులుతుంది. ఆ రోజు ఏమీ కనబడదు, నాలుగు రోజుల్లో తీగ వాడిపోతుంది. పిల్లలచేత కోయిస్తుంటే చిన్న కత్తెర ఇవ్వడం మేలు.

పొద్దున్నే, మంచు ఆరగానే కోస్తే బాగుంటుంది, అప్పుడు కాయ చల్లగా ఉంటుంది. కోసిన తర్వాత కూడా గింజ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, కూరగాయల్లో బఠాణీ ఊపిరి వేగం చాలా ఎక్కువ. ఆ ఊపిరికి ఖర్చయ్యేది మీకు కావలసిన చక్కెరే, మిగిలినది పిండిగా మారిపోతుంటుంది. అందుకని కోసిన బుట్టను ఎండలో పెట్టకుండా వెంటనే నీడకు, గంటలోపు ఫ్రిజ్‌లోకి పంపాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు నేనొక చిన్న పని చెప్తుంటాను: ఒకే తీగ మీది కాయలు ఉదయం కోసి, సగం వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, సగం వంటింటి బల్ల మీద వదిలేయండి. రాత్రికి రెండూ పక్కపక్కన పెట్టుకుని తినండి. ఆ తేడా ఒకసారి నాలుకకు తెలిశాక మళ్ళీ ఎవరూ బుట్టను బల్ల మీద వదలరు.

ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు వలవకండి, కాయలుగానే కవర్లో పెట్టండి. గింజకు తన తొక్క కంటే మంచి మూత లేదు. అలాగైతే నాలుగైదు రోజులు బాగుంటాయి, కానీ మొదటి రోజు తీపి నాలుగో రోజు ఉండదు. అంతకంటే ఎక్కువ ఉంటే డీప్ ఫ్రీజర్ మంచి దారి. వలిచిన గింజలను మరిగే నీళ్ళలో ఒకటిన్నర నిమిషం ఉంచి, వెంటనే ఐసు నీళ్ళలో వేసి పూర్తిగా చల్లార్చి, నీరు ఓడ్చి, పళ్ళెంలో ఒకే వరుసగా పరిచి గడ్డకట్టించి, తర్వాత కవర్లో పోసుకోవాలి. మరిగే నీళ్ళ మెట్టు వదిలేయాలని చాలామందికి అనిపిస్తుంది. వదిలేస్తే గింజలోని ఎంజైములు ఫ్రీజర్లో కూడా నెమ్మదిగా పనిచేసి రంగు, వాసన రెండూ పాడుచేస్తాయి. కోసిన రోజే చేయాలి. నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి ఆ తర్వాత ఫ్రీజర్లో పెడితే పోయిన తీపి తిరిగి రాదు.

ఇప్పుడు విత్తనం గురించి ఒక మాట, ఎందుకంటే ఎంత సరిగ్గా కోసినా తీపి రాకపోవడానికి ఇదో పెద్ద కారణం. మీరు వేసినది ఏ రకమో రాయలేదు. ఎండిన విత్తనాలు గుర్తుంటే చెప్పండి: గుండ్రంగా నున్నగా ఉన్నాయా, ముడతలు పడి ఉన్నాయా? వంటకు వాడే ఎండు బఠాణీ దాదాపు ఎప్పుడూ నున్నటి గింజే. దాన్ని నేలలో వేస్తే మొలుస్తుంది, కాస్తుంది, కానీ పచ్చిగా ఉన్నప్పుడు కూడా పిండి రుచే ఎక్కువ. పచ్చిగా వలుచుకు తినడానికి ముడత గింజ రకాలు ఎంచుకోండి. ముడత గింజల్లో పిండిపదార్థాన్ని కొమ్మలు కొమ్మలుగా పేర్చే ఒక ఎంజైము సరిగ్గా పనిచేయదు. అందువల్ల చక్కెర ఎక్కువ మిగిలిపోతుంది, దాంతోపాటు నీరూ ఎక్కువ చేరుతుంది, గింజ ఎండినప్పుడు ఆ నీరు పోయి తోలు ముడతలు పడుతుంది. బఠాణీ మొక్కల మీదే వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ 1866లో అచ్చయిన తన వ్యాసంలో 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడత గింజలు అని లెక్క చూపించింది ఈ లక్షణానికే. నున్నటి రకాలకూ ఒక మంచి గుణం ఉంది: చల్లటి తడి నేలలో కుళ్ళకుండా మొలవడంలో అవే మెరుగు.

పేరు పెట్టి చెప్పాలంటే తొందరగా కాసే పొట్టి రకాల్లో ఆర్కెల్, లిటిల్ మార్వెల్, కెల్వెడన్ వండర్ నమ్మదగినవి. మధ్యస్థంగా కాసేవాటిలో బోన్‌విల్లె, లింకన్, గ్రీన్ యారో. గ్రీన్ యారో కాయలో ఎనిమిది నుంచి పదకొండు దాకా గింజలుంటాయి, వలవడానికి ఎంతో హాయి. వేడిని కాస్త ఎక్కువ ఓర్చుకునేది వాండో. ఆరడుగుల పందిరి వేయగలిగితే ఆల్డర్‌మన్ వేయండి, కాపు ఎక్కువ రోజులు నడుస్తుంది. చోటు తక్కువ, చలిరోజులు తక్కువ అన్నవాళ్ళకు నా ఓటు మాత్రం ఎప్పుడూ తొందరగా కాసే పొట్టి రకాలకే.

చలిరోజుల లెక్కకు వద్దాం. బఠాణీకి 13 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య వాతావరణం అంటే ప్రాణం. పగటి వేడి 24 దాటితే నెమ్మదిస్తుంది. 27 నుంచి 30 డిగ్రీల దాకా వెళ్తే పువ్వులు రాలతాయి, పడ్డ కాయల్లో గింజలు తక్కువ కడతాయి, ఉన్న గింజలు త్వరగా ముదురుతాయి. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి, గమనించండి. కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. మీ ప్రాంతంలో పగటి వేడి 27 దాటడం మామూలైపోయే వారం ఏదో చూడండి. తొందర రకానికి విత్తిన నాటి నుంచి మొదటి కోతకు 60-65 రోజులు, కోత సాగేది రెండు మూడు వారాలు. అంటే ఆ వేడి వారానికి కనీసం పన్నెండు వారాల ముందే విత్తనం నేలలో ఉండాలి. మధ్యస్థ రకాలకు ఇంకో మూడు వారాలు కలుపుకోండి. ప్యాకెట్ మీద రాసే రోజులు చల్లటి వాతావరణంలో కాస్త పెరుగుతాయి, వెచ్చగా ఉంటే తగ్గుతాయి, ఆ సడలింపు మనసులో ఉంచుకోండి.

గడ్డకట్టే చలి ఉన్న చోట్ల నేల తవ్వడానికి వీలయ్యే మొదటి రోజుల్లోనే వసంతంలో విత్తుతారు. చివరి మంచు పడడానికి నాలుగైదు వారాల ముందు వేసినా పరవాలేదు, లేత మొక్క కొద్దిపాటి మంచును తట్టుకుంటుంది. మంచుకు ఓర్వలేనివి పువ్వు, కాయ. శీతాకాలం మెత్తగా ఉండే చోట్ల ఇదంతా తలకిందులు. వేడి తగ్గగానే విత్తి, పూత సరిగ్గా చలి నడుమ పడేలా చూడాలి. అలాంటి చోట్ల విత్తడంలో పదిహేను రోజుల ఆలస్యం కూడా బాగా తెలుస్తుంది.

నేల వేడి కూడా చూసుకోండి. నేల 5 డిగ్రీల దగ్గర ఉంటే మొలక రావడానికి నెలకు పైగా పడుతుంది, ఈలోగా విత్తనం కుళ్ళే ప్రమాదం. 10 డిగ్రీల దగ్గర రెండు వారాలు, 20 దగ్గర వారం. 30 దాటిన నేలలో మొలక శాతం పడిపోతుంది. మొలక త్వరగా వస్తుందని వేడి నేలలో తొందరపడి వేయకండి. వెచ్చటి నేల కాస్త చల్లబడే దాకా ఆగడం, లేదా వరుస మీద గడ్డి పరిచి నేలను చల్లబరచడం మంచిది.

పది రోజులకోసారి కొంచెం కొంచెం విత్తితే కోత ఎక్కువకాలం వస్తుందని చాలాచోట్ల రాస్తారు. బఠాణీ విషయంలో ఆ సలహా నాకు అంతగా నచ్చదు. ఆలస్యంగా వేసిన వరుస వెచ్చటి రోజుల్లో వేగంగా పెరిగి ముందు వేసినదాన్ని అందుకుంటుంది, రెండూ దాదాపు ఒకేసారి కాస్తాయి, పైగా వెనక వరుసకు వేడి తగులుతుంది. అదే రోజున ఒక తొందర రకం, ఒక మధ్యస్థ రకం పక్కపక్కన వేస్తే కోత నిజంగా విడివిడిగా వస్తుంది. చలికాలం పొడుగ్గా ఉన్న చోట మాత్రం పది రోజుల పద్ధతి పనిచేస్తుంది.

విత్తేటప్పుడు లోతు 2.5 నుంచి 5 సెం.మీ., బరువు నేలల్లో తక్కువ లోతు, ఇసుక నేలల్లో ఎక్కువ. గింజకూ గింజకూ 5 సెం.మీ. చాలు. రెండు వరుసలు 15-20 సెం.మీ. దూరంలో జంటగా వేసి, జంటకూ జంటకూ మధ్య మనిషి కూర్చుని కోయడానికి చోటు వదలండి. బఠాణీ ఒత్తుగా ఉన్నా సర్దుకుంటుంది, మొలకలు పీకి పలచన చేయక్కర్లేదు. పీకితే పక్కవాటి వేళ్ళు కదులుతాయి.

విత్తనం నానబెట్టాలా అని చాలామంది అడుగుతారు. నేల పొడిగా, వెచ్చగా ఉంటే ఆరేడు గంటలు నానబెట్టి వెంటనే విత్తండి. నేల చల్లగా తడిగా ఉంటే నానబెట్టొద్దు. ఎక్కువసేపు నీళ్ళలో ఉన్న గింజ పగులుతుంది, లోపలి చక్కెర బయటికి ఊరుతుంది, నేలలోని బూజుకు అది విందు. విత్తిన రోజు బాగా నీళ్ళు పోసి, మొలక కనబడే దాకా నేలను తేమగా మాత్రమే ఉంచండి. పక్షులు, ఎలుకలు ఉంటే మొక్క జానెడు ఎత్తు వచ్చేదాకా వల కప్పాలి. లేత మొలక వాటికి చాలా ఇష్టం.

మీ తీగలు ఏపుగా పెరిగాయన్నారు కదా, ఎరువు ఏం వేశారు? బఠాణీ వేళ్ళ మీద బుడిపెలు కట్టి, వాటిలో రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. నేలలో నత్రజని అప్పటికే ఎక్కువ ఉంటే మొక్క ఆ బుడిపెలు సరిగ్గా కట్టుకోదు, ఆకు మీద ఆకు వేసి పూతను వెనక్కి నెడుతుంది. పూత వెనక్కి పోతే వేడిలోకి పోయినట్టే. యూరియా, పచ్చి పశువుల ఎరువు వద్దు. బాగా మాగిన కంపోస్టు విత్తడానికి ముందు నేలలో కలిపితే చాలు. ఆ నేలలో ఎప్పుడూ బఠాణీ వేయకపోతే బఠాణీకి పనికొచ్చే రైజోబియం పొడిని విత్తనానికి పట్టించండి. చిక్కుడుకు, సోయాకు అమ్మేది దీనికి పనిచేయదు, దేని బాక్టీరియా దానికే. పూతకు ముందు ఒక మొక్కను మట్టితో సహా మెల్లగా తవ్వి బుడిపె కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అవి పనిచేస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగడం లేదు.

నేల ఉదజని సూచిక (pH) 6 నుంచి 7.5 మధ్య ఉంటే చాలు. అంతకంటే ముఖ్యం నీరు నిలవకపోవడం. ఒక్క రోజు నీళ్ళు నిలిచినా వేళ్ళు దెబ్బతింటాయి. కుండీలో వేసేవాళ్ళు అడుగు లోతు ఉన్నది తీసుకుని, పొట్టి రకం వేసుకోండి.

పందిరి విత్తే రోజే కట్టండి. మొక్క పెరిగాక కర్రలు గుచ్చితే వేళ్ళు తెగుతాయి. బఠాణీ నులితీగలు సన్నటివాటినే చుట్టుకోగలవు, పెన్సిల్ కంటే లావున్న కర్రను పట్టుకోలేక జారిపోతాయి. లావు కర్రల మధ్య పురికొసో, వలో కట్టాలి, లేదా చిన్న చిన్న రెమ్మలున్న ఎండు కొమ్మలు గుచ్చాలి. వల కన్నం మీ చెయ్యి దూరేంత ఉండాలి, లేకపోతే అవతలి వైపు కాయలు కోయలేరు. పొట్టి రకాలకు పందిరి అక్కర్లేదని ప్యాకెట్ల మీద రాస్తారు, అయినా మోకాలెత్తు ఆసరా ఇవ్వండి. నేలమీద వాలిన తీగల్లో కాయలు కనబడవు, కనబడని కాయలు ముదురుతాయి, ముదిరిన కాయలు పూతను ఆపేస్తాయి.

నీళ్ళ విషయంలో గుర్తుంచుకోవాల్సింది రెండు దశలు: పూత, గింజ ఊరే సమయం. అప్పుడు నేల ఆరితే పూత రాలుతుంది, గింజలు తక్కువ కడతాయి, ఉన్నవి గట్టిపడతాయి. పూతకు ముందు మాత్రం కొంచెం తక్కువ పోసినా నష్టం లేదు. వారానికి ఒక అంగుళం లోతు తడి మోటు లెక్క. మొదళ్ళ దగ్గర ఎండుగడ్డి లేదా ఆకులు పరిస్తే తేమ నిలుస్తుంది, నేలా చల్లగా ఉంటుంది. వేడి కొంచెం ముందే వచ్చిన ఏడాది ఆ పరుపు ఉన్న వరుసల్లో నాకు కోత ఇంకొన్నాళ్ళు సాగడం చూశాను.

ఎండిపోవడం గురించి. కాయలు నిండాక కింది ఆకులు పసుపెక్కడం సహజం, అది వయసు. వేడి వల్ల అయితే తోటంతా ఒకేలా, కింది నుంచి పైకి పసుపెక్కుతూ పోతుంది. ఒక మొక్క పచ్చగా ఉండి పక్కది వాడిపోతుంటే మాత్రం తెగులు అనుమానించాలి. వాడిన మొక్కను పీకి, మొదలు దగ్గర కాండాన్ని నిలువునా చీల్చండి. లోపలి నాళాలు నారింజ, ఇటుక రంగుకు తిరిగి ఉంటే అది ఫ్యుసేరియం అనే బూజు వల్ల వచ్చే ఎండు తెగులు. వేళ్ళే గోధుమ, నలుపు రంగులో మెత్తబడి ఉంటే వేరుకుళ్ళు. రెండింటికీ ఆ ఏడాది మందు లేదు. ఆ మొక్కలను తీసి పారేయడం, ఆ మడిలో నాలుగేళ్ళపాటు బఠాణీ, చిక్కుడు జాతివి వేయకపోవడం, వచ్చేసారి ఎండు తెగులును తట్టుకునే రకం ఎంచుకోవడం, అంతే.

బూడిద తెగులు వేరు. ఆకుల మీద, కాయల మీద తెల్లటి పొడి కనబడుతుంది. పగలు వెచ్చగా పొడిగా, రాత్రి చల్లగా మంచు పడుతూ ఉన్నప్పుడు, సాధారణంగా కాపు చివర్లో వస్తుంది. ఆలస్యంగా విత్తినవాళ్ళకు ఎక్కువ. కనబడగానే నీళ్ళలో కలిసే గంధకం చల్లితే ఆగుతుంది, కానీ 30 డిగ్రీలు దాటిన ఎండలో గంధకం చల్లితే ఆకులు మాడతాయి. కోత సగం పైగా అయిపోయి ఉంటే చల్లకుండా వదిలేయమంటాను. తినే కాయ మీద అనవసరంగా మందు ఎందుకు?

పేనుబంక లేత చివర్ల మీద గుంపుగా చేరుతుంది. రోజూ చూసుకుంటే నీళ్ళ ధారతో కొట్టి దించేయొచ్చు, ముదిరితే వేప నూనె. ఆకుల మీద తెల్లటి వంకర గీతలు ఆకు తొలిచే పురుగువి. చూడ్డానికి భయంగా ఉన్నా ఇంటి తోటలో దిగుబడికి పెద్ద నష్టం చేయదు, ఆ ఆకులు తుంచేస్తే సరి. కాయకు రంధ్రం ఉంటే లోపల పురుగు ఉంటుంది, అలాంటివి ఏరి నాశనం చేయండి.

దిగుబడి గురించి ముందే తెలిసి ఉంటే నిరాశ ఉండదు. మీటరు వరుసకు సుమారు 300 గ్రాముల కాయలు వస్తే మామూలు కాపు, అందులో వలిస్తే గింజలు సగమో, అంతకంటే కొంచెం తక్కువో. ఒక పూటకు సరిపడా గింజలు కావాలంటే రెండు మూడు కుండీలు చాలవు. చోటు మరీ తక్కువైతే తొక్కతో సహా తినే బఠాణీ వేసుకోండి. 1979లో వచ్చిన షుగర్ స్నాప్ దగ్గర్నుంచి ఆ రకాలు చాలా ఉన్నాయి, అందులో పారేసేది దాదాపు ఏమీ ఉండదు. కానీ వలిచిన లేత గింజ రుచి వేరు, దానికోసం వరుస పొడుగు పెంచడమే నా దారి.

ఒక హెచ్చరిక కూడా. పూల కోసం పెంచే స్వీట్ పీ అనే మొక్క పువ్వులు, కాయలు చూడ్డానికి బఠాణీలాగే ఉంటాయి. దాని గింజలు విషం. పిల్లలున్న ఇంట్లో ఆ రెండింటినీ ఒకే పందిరి మీద పెంచకండి.

వచ్చేసారి విత్తనానికి: బఠాణీ పువ్వు విచ్చకముందే లోపల పరాగ సంపర్కం అయిపోతుంది, కాబట్టి రెండు రకాలు పక్కపక్కన ఉన్నా కలిసిపోవడం అరుదు. చివర్లో మిగిలిన ముదురు కాయలను విత్తనానికి ఉంచడం చాలామంది అలవాటు, అవి బలహీనమైన తీగ మీద చివరి కాయలు. దానికి బదులు మొదట్లోనే బాగా కాసిన రెండు మూడు మొక్కలకు దారం కట్టి, వాటిని అసలు కోయకుండా వదిలేయండి. కాయ ఎండి లోపల గింజలు గలగలలాడాక తీసి, నీడలో ఇంకా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్లో కొన్ని రోజులు ఉంచితే పుచ్చే పురుగు చస్తుంది. బాగా ఎండకముందు ఫ్రీజర్లో పెడితే మొలక చచ్చిపోతుంది. మూడేళ్ళ దాకా బాగా మొలుస్తాయి.

కాపు అయిపోయాక తీగలను పీకకుండా మొదలు దగ్గర కోసి, వేళ్ళను నేలలోనే వదలండి. అలాగని నేలకు నత్రజని నిండుగా చేరిందనుకుని తర్వాతి పంటకు కంపోస్టు మానేయొద్దు. బఠాణీ పట్టిన నత్రజనిలో ఎక్కువ భాగం మీరు కోసిన గింజల్లోనే వెళ్ళిపోతుంది. ఆకుకూరలో, టమాటో జాతివో ఆ మడిలో బాగా వస్తాయి. తెగులు సోకిన తీగలైతే వేళ్ళతో సహా తీసేయాలి, కంపోస్టులో కలపకూడదు.

మీరు రకం పేరు, విత్తిన తేదీ, పూత మొదలైన రోజుల్లో పగటి వేడి ఎంత ఉందో చెప్తే ఈసారి ఏ వారంలో వేయాలో లెక్క కట్టి చెప్తాను. వాడుతూ, ఇంకా పూర్తిగా ఎండని తీగ ఒకటి మిగిలి ఉంటే దాన్ని పీకి, మొదలు చీల్చి లోపలి రంగు కూడా రాయండి. వేడా, తెగులా అన్నది దానితో తేలిపోతుంది.